వెనక సీటు పిల్లలతో మహాబలిపురం

ఉత్తర చెన్నైలో ఒకప్పుడు తెలుగు మీడియం బడులు బాగానే ఉండేవి. తంగసాల, వణ్ణారపేట, తండయార్‌పేట, వ్యాసర్‌పాడి వైపు తెలుగు ఇళ్ళు నిన్నమొన్న వెలిసినవి కావు. నెల్లూరు, ప్రకాశం పల్లెల నుంచి తరాల కిందటే వచ్చి రేవులో మూటలు మోసినవాళ్ళు, కార్పొరేషన్‌లో చీపురు పట్టినవాళ్ళు అక్కడే స్థిరపడ్డారు. వాళ్ళ మనవలు, మునిమనవలు మా బడికి వచ్చేవాళ్ళు. ఇంట్లో నెల్లూరు యాస, వీధిలో మద్రాసు తమిళం, బడిలో పుస్తకాల తెలుగు. మూడింటి మధ్యా పిల్లలు ఎంత సులువుగా తిరిగేవాళ్ళో! నేను రిటైరయ్యేదాకా అక్కడే తెలుగు చెప్పాను.

ఆ బడిని తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఫస్టు వచ్చినవాళ్ళు కాదు, ముగ్గురు మగపిల్లలు. పేర్లు రాయను. ఇప్పుడు వాళ్ళు పెళ్ళాం బిడ్డలున్నవాళ్ళు. పొడుగువాడు, మాటకారి, మాటలేనివాడు అని రాస్తాను. స్టాఫ్ రూములో వాళ్ళకు వేరే పేర్లుండేవి. అవి నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడు రాయబుద్ధీ కావడం లేదు.

2006 జనవరిలో, పొంగల్ సెలవులయ్యాక, పదో తరగతిని మహాబలిపురం తీసుకెళ్దామనుకున్నాం. అంతకు ముందు రెండు నెలలూ చెన్నైని వానలు ముంచేశాయి. మా పిల్లల ఇళ్ళలో చాలావాటిల్లోకి నీళ్ళొచ్చాయి, పుస్తకాలు తడిసి ఉబ్బిపోయాయి. దానికి ముందు ఏడాది సునామీ. పబ్లిక్ పరీక్షలు మీద పడేలోగా పిల్లలు ఒక్కరోజైనా హాయిగా తిరగాలని మా అందరికీ అనిపించింది. తలా 120 రూపాయలు. లిస్టు తయారయ్యాక చూస్తే ఈ ముగ్గురి పేర్ల మీదా ఎర్రగీత ఉంది. ఒకడు పక్క సెక్షన్ పిల్లాడి ముక్కు పగలగొట్టాడు, ఒకడు క్లాసులో నిద్రపోతాడు, లేపితే తిరగబడతాడు, ఇంకొకడు బెంచీలన్నీ బ్లేడుతో చెక్కి పాడుచేశాడు. సముద్రం దగ్గర వీళ్ళను ఎవరు కాస్తారని హెడ్‌మాస్టరు గారి ప్రశ్న. ఆయన భయం ఆయనది, కాదనను. నేను కాస్తానన్నాను. వాళ్ళు రాకపోతే నేనూ రానన్నాను.

పర్మిషన్ కాగితాల మీద సంతకాల కోసం ముగ్గురి ఇళ్ళకూ నేనే వెళ్ళాను. పొడుగువాడి తల్లి ఇంటి ముందు చేపలు తోముతోంది. సంతకం పెట్టడం రాదు, వేలిముద్ర వేసింది. "రేపొద్దున వాడికి కాసిమేడు పని ఉంటాది టీచర్, అయినా వస్తాడులే" అంది. కాసిమేడు హార్బరులో చేపల వేలం తెల్లవారకముందే మొదలవుతుంది. రాత్రి రెండింటికల్లా పోయి ఐసు పెట్టెలు, చేపల గంపలు మోస్తే ఆ రోజు కూలి. వాడు అక్కణ్ణించి నేరుగా బడికొచ్చేవాడు. పక్కన కూర్చున్నవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. గొడవలన్నీ అక్కడ మొదలయ్యేవి.

మాటకారి అమ్మానాన్నలిద్దరూ పారిశుధ్య కార్మికులు. తల్లి పొద్దున ఆరింటికి డ్యూటీలో ఉండాలి. తండ్రి కూలి డబ్బులు ఇంటికి రాకుండా టాస్మాక్ అనే సర్కారు సారా దుకాణంలోనే అయిపోయేవి. మెట్రో వాటర్ లారీ దగ్గర క్యూలో నిలబడి నీళ్ళు పట్టేది, చెల్లెళ్ళకు జడలు వేసేది వీడే. వాడు పక్క సెక్షన్ పిల్లాడి ముక్కు పగలగొట్టింది ఊరికే కాదు. తల్లి పనిని పట్టుకుని ఆ పిల్లాడన్న మాటకి. ఆ మాటేమిటో హెడ్‌మాస్టరు గారి గదిలో ఎవరూ అడగలేదు.

మాటలేనివాడు నాయనమ్మ దగ్గర పెరిగాడు. తల్లి పోయింది, తండ్రి ఎక్కడో ఉన్నాడు. అటెండెన్సు పిలిచినప్పుడు చెయ్యెత్తేవాడే కానీ "ప్రెజెంట్" అని నోటితో అనేవాడు కాదు. కానీ వాడు బెంచీ మీద చెక్కిన బల్లిని నేను చూశాను. తోక వంపు, వేళ్ళ చివర ఉబ్బు కూడా ఉన్నాయి. జరిమానా రసీదు రాస్తూ ఆ బల్లిని మళ్ళీ మళ్ళీ చూశాను.

బస్సులో ముగ్గురూ చివరి సీటెక్కారు. నేనూ వెళ్ళి అక్కడే కూర్చున్నాను. అడయారు దాటేదాకా ఎవరూ నోరు విప్పలేదు. ముందు సీట్లలో అంత్యాక్షరి మొదలైంది, అన్నీ తమిళ సినిమా పాటలే. తిరువాన్మియూరు దాటి ఈసీఆర్, అంటే సముద్రం పక్కన పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు, ఎక్కగానే గాలి మారింది. ముట్టుకాడు దగ్గర నీళ్ళు కనిపించగానే పొడుగువాడు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఈడ ఉప్పునీళ్ళు టీచర్, కొడువా పడతాది" అన్నాడు. అదే మొదటి మాట. కొడువా అంటే మన పండుగొప్ప.

మధ్యలో వడనెమ్మేలి దగ్గర మొసళ్ళ బ్యాంకు చూపించాం. 1976లో రోములస్ విటేకర్, జై విటేకర్ మొదలుపెట్టింది. గోడ మీంచి తొంగిచూస్తే మొసళ్ళు ఒకదాని మీద ఒకటి, నోళ్ళు తెరుచుకుని కదలకుండా పడుకుని ఉంటాయి. పిల్లలు కాసేపు అరిచారు, బొమ్మలేమోనని వాదులాడుకున్నారు. అవి ఎంతకీ కదలకపోయేసరికి విసుగొచ్చింది. మా ముగ్గుర్నీ పట్టి నిలిపింది మాత్రం ఇరుళర్ల పాముల కేంద్రం. ఇరుళర్లు తరతరాలుగా పాములు పట్టి చర్మాలమ్ముకుని బతికినవాళ్ళు. వన్యప్రాణి చట్టం వచ్చి చర్మాల వ్యాపారం ఆగిపోయాక వాళ్ళకు తిండి లేకుండా పోయింది. అప్పుడు, 1978లో, సహకార సంఘం పెట్టుకున్నారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటిని పట్టి తెచ్చి, కుండల్లో ఉంచి, కొన్నిసార్లు విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. ఆ విషంతోనే పాముకాటుకు మందు తయారవుతుంది.

లుంగీ కట్టుకున్న ఒకాయన ఇనుప కొక్కెంతో కుండలోంచి పామును తీసి, తల పట్టుకుని, గాజు పాత్ర అంచుకు దాని కోరలు ఆనించాడు. పసుపుపచ్చటి చుక్కలు జారాయి. చుట్టూ నిలబడ్డవాళ్ళలో కెమెరాలున్నవాళ్ళు, కళ్ళద్దాలవాళ్ళు, కార్లలో వచ్చినవాళ్ళు, అందరూ నోరు మూసుకుని ఆయన చేతులే చూస్తున్నారు. మా మాటకారి ఆయన్ని తమిళంలో అడిగాడు, ఇది మీ నాన్న నేర్పాడా అని. అవునన్నాడాయన, వాళ్ళ నాన్నకు తాత నేర్పాడట. మావాడు ఇంకేం అడగలేదు. బస్సెక్కాక మాత్రం, "మా అమ్మ పని ఎవురైనా ఇట్టా నిలబడి చూస్తారా టీచర్?" అన్నాడు. ఏదో ఒకటి చెప్పి ఆ పిల్లాణ్ణి సముదాయించబుద్ధి కాలేదు నాకు. "ఎవరూ చూడరు నాయనా, అది తప్పే" అన్నాను. వాడు తలూపి నా పక్కనే కూర్చున్నాడు.

మహాబలిపురంలో మొదట పెద్ద శిల్పాల బండ దగ్గరికి వెళ్ళాం. తొంభై అడుగులు దాటిన పొడవు, నలభై అడుగులు దాటిన ఎత్తు. ఏడో శతాబ్దపు పల్లవుల పని. ఒంటికాలి మీద చేతులు పైకెత్తి నిలబడ్డ ఎముకల గూడు అర్జునుడని కొందరు, భగీరథుడని కొందరు. ఇది ఇంకా తేలని వాదం. నాకు భగీరథుడే అనిపిస్తుంది. బండ మధ్యలో నిలువునా చీలిక, అందులో నాగులు. పైన తొట్టి ఉండి అందులోంచి నీళ్ళు ఈ చీలికలో కిందికి దూకేవని ఆనవాళ్ళున్నాయి. రెండు వైపుల నుంచీ దేవతలు, జింకలు, ఏనుగులు, మునులు అందరూ ఆ నీళ్ళ వైపే వస్తున్నారు. అంత పెద్ద తెలుగు పాఠం ఎదురుగా ఉంటే నేను ఊరుకుంటానా? గంగ ఆకాశం నుంచి శివుడి తల మీదికి, అక్కణ్ణించి హిమాలయం మీదికి, కొండ మీంచి నేలకు, నేల మీంచి సముద్రానికి, చివరికి పాతాళానికి జారిపోయిన సుభాషిత పద్యం ఎత్తుకున్నాను. వివేకం తప్పినవాడు అలాగే మెట్టు మెట్టుగా దిగజారతాడని దాని తాత్పర్యం. మా పీటీ మాస్టారు వెంటనే వెనక్కి తిరిగి ముగ్గుర్నీ చూస్తూ, "విన్నార్రా? మీ గురించే" అన్నారు.

అందరూ నవ్వారు. పొడుగువాడి దవడ బిగుసుకుంది. మాటకారి మాత్రం బండనే చూస్తున్నాడు. చీలిక పక్కన కింద, చిన్న గుడి దగ్గర, ఒకడు భుజాన కుండ మోస్తున్నాడు, ఇంకొకడు తడిబట్ట పిండుతున్నాడు. మావాడు వేలుపెట్టి చూపించాడు. "ఇదిగో టీచర్, వీడు నీళ్ళు మోసకపోతా ఉండాడు. గంగ కిందికొస్తేనే గదా వీడికి నీళ్ళు. ఆడ పైనే కూసోనుంటే ఎవురు తాగతారు?"

నేను ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న పద్యం అది. ఆ ప్రశ్న ఏ పిల్లాడూ వేయలేదు, ఏ వ్యాఖ్యానంలోనూ నేను చదవలేదు. పొద్దున్నే లారీ వెనక బిందె పెట్టి నిలబడేవాడికి తట్టింది. ఆ మాటే అందరికీ వినబడేలా గట్టిగా మళ్ళీ చెప్పించాను. పీటీ మాస్టారు కూడా ఒప్పుకున్నారు, ఆయన మంచివారే. తర్వాత ఏనుగుల కింద ఉన్న పిల్లిని చూపించాను. తపసి లాగే వెనక కాళ్ళ మీద నిలబడి చేతులెత్తిన దొంగ పిల్లి, చుట్టూ నమ్మి చేరిన ఎలుకలు. మహాభారతంలోనూ ఉంది ఆ పిల్లి కథ. ఇంకేముంది, క్లాసంతా ఒంటికాలి మీద చేతులెత్తి నిలబడిపోయింది. ఎవరు పిల్లి, ఎవరు భగీరథుడు అని ఒకటే అల్లరి. పొడుగువాడు కూడా నవ్వాడు. వాడికి సొట్టబుగ్గలున్నాయని అప్పుడే చూశాను.

వాలు మీద జారకుండా నిలిచిన పెద్ద గుండ్రాయి, వెన్నముద్ద బండను తోయడానికి పిల్లలంతా వరసలో నిలబడ్డారు. ఏడు ఏనుగులతో లాగించినా కదల్లేదని గైడ్లు చెబుతుంటారు. మేమూ తోశాం, ఫొటో దిగాం, వచ్చేశాం.

పంచరథాల దగ్గర కాసేపు ఎక్కువే ఆగాం. ఒక్కోటీ ఒకే రాయిని పైనుంచి కిందికి తొలిచింది. అందులో ద్రౌపది రథం పేరుకే రథం, చూడ్డానికి గడ్డి కప్పు వేసిన గుడిసె. కప్పు అంచులు వంగిన తీరు కూడా రాతిలో పట్టారు. మాటలేనివాడు దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. నేను పక్కన నిలబడితే, "ఇది మాయిల్లు మాదిరే ఉంది" అన్నాడు. వాడి గొంతు అప్పటికే మారి బొంగురుగా ఉంది. అప్పటిదాకా నేను ఆ గొంతు వినలేదు మరి. "రాయితో గుడిసె ఎందుకు చేశారు టీచర్?" అని అడిగాడు. మొదట గుళ్ళన్నీ కర్రతో, గడ్డితోనే ఉండేవని, వాటిని చూసే రాతిలో చెక్కడం నేర్చుకున్నారని చెప్పాను. కప్పు అంచు మీద వేలు పెట్టి మెల్లగా చివరిదాకా లాగాడు. కాపలా మనిషి కేకేస్తే తీశాడు.

బయట శిల్పుల పాకల్లో ఉలుల చప్పుడు వినపడుతోంది. అక్కడ ఒక పెద్దాయన్ని బతిమాలి మావాణ్ణి కాసేపు కూర్చోబెట్టాను. ఆయన ఉలి ఇచ్చి పట్టుకునే తీరు చూపించాడు. రెండు దెబ్బలు బాగానే పడ్డాయి, మూడోది బొటనవేలి మీద పడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కానీ వాడు ఉలి వదల్లేదు. ఇంకో నాలుగు దెబ్బలు వేసి, లేచి, ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టి వచ్చాడు.

భోజనాలు సముద్రపు గుడి దగ్గర, సరుగుడు తోట నీడలో. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ. తలలు లెక్కపెడితే ఒకటి తక్కువైంది. పొడుగువాడు లేడు. సముద్రం పక్కనే ఉంది. సునామీ గడిచి ఏడాదే. అందరి మొహాలూ పాలిపోయాయి. నేను ఇసుకలో పరిగెత్తాను, ఆ వయసులో పరిగెత్తగలిగినంత. జాలరుల పడవలు ఒడ్డుకు లాగి ఉన్నాయి. ఒక పడవ నీడలో, చెప్పులు తల కింద పెట్టుకుని, వాడు నిద్రపోతున్నాడు. చొక్కా జేబులోంచి నాలుగు పది రూపాయల నోట్లు బయటికి వచ్చి ఉన్నాయి. తెల్లవారుజామున హార్బరులో గంపలు మోసి, నేరుగా బస్సెక్కినవాడు. చేతుల మీద ఐసు పెట్టెలు ఒరుసుకున్న గీతలు.

పీటీ మాస్టారు వెనకే వచ్చి లేపబోయారు. వద్దన్నాను. "బస్సు టైమవుతుందమ్మా" అన్నారు. "మిగతావాళ్ళను గుడి చూపించి తీసుకురండి, నేనిక్కడ కూర్చుంటాను" అన్నాను.

ఎండ జరిగేకొద్దీ పడవ నీడ వాడి మొహం మీంచి తప్పుకుంది. గొడుగు విప్పి అడ్డం పెట్టాను. నాకూ ఒక కొడుకున్నాడు. వాడు ఆ వయసులో ఆదివారం పదిగంటల దాకా నిద్రపోతే మేం తలుపు దగ్గరగా వేసి నడిచేవాళ్ళం, చప్పుడు కాకుండా. ఈ పిల్లాణ్ణి మేం రోజూ నిద్ర లేపి, నిలబెట్టి, నిద్రపోయావేమని అడుగుతున్నాం. వాడి నిద్రకు కాపలా కాయడం కంటే ఆ రోజు నేను చేయగల గొప్ప పనేమీ నాకు తోచలేదు. చేతులు మార్చుకుంటూ గొడుగు పట్టుకున్నాను.

కాసేపటికి మిగతా ఇద్దరూ వచ్చారు. గుడి చూడమని పంపితే చూసొచ్చారో లేదో తెలియదు. ఒకడి చేతిలో నా పులిహోర పొట్లం, ఇంకొకడి చేతిలో వాటర్ బాటిల్. "నువ్వు తినలేదు గదా టీచర్" అని నా చేతిలోంచి గొడుగు తీసుకున్నాడు మాటలేనివాడు. నేను తింటుంటే మాటకారి గుసగుసగా వాళ్ళ ముగ్గురి కథంతా చెప్పుకొచ్చాడు. రాత్రిళ్ళు పొడుగువాడి తండ్రి కోసం ఎక్కడెక్కడ వెతికారో, వానల్లో ఎవరింట్లో ఎవరు పడుకున్నారో, పరీక్ష ఫీజు కట్టడానికి ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో. మేం స్టాఫ్ రూములో గ్యాంగు అనేది అదన్నమాట. ఒకరి ఇంట్లో అన్నం లేని రోజు ఇంకొకరి ఇంట్లో తినడం.

వాడు లేచేసరికి ముగ్గురం చుట్టూ కూర్చుని ఉన్నాం. ఉలిక్కిపడి, "కొట్టబాకండి టీచర్" అని చేతులు అడ్డం పెట్టుకున్నాడు. నిద్రమత్తులో అన్న మాటే అది. నాకు గొంతు పెగల్లేదు. మాటకారే, "ఒరేయ్, టీచర్ గంటసేపు గొడుగు పట్టిందిరా నీకు" అన్నాడు. వాడు నన్ను చూశాడు, గొడుగును చూశాడు, లేచి ఇసుక దులుపుకున్నాడు. మా నలుగురి కోసం మూటకట్టిన పెరుగన్నంలో ఎక్కువ భాగం వాడికే పెట్టాను. మారు అడిగి మరీ తిన్నాడు.

తిరుగు ప్రయాణంలో చివరి సీటులోనే నేనూ నిద్రపోయాను. మెరీనా దీపాలు కనబడుతున్నప్పుడు ఎవరో నా భుజం తట్టి, "టీచర్, మనూరొచ్చింది" అన్నారు.

ఆ తర్వాత వాళ్ళు బుద్ధిమంతులైపోయారని రాస్తే అబద్ధమవుతుంది. మార్చి లోపే ఇంకో గొడవైంది. కానీ ఒక మార్పు జరిగింది. పొడుగువాడికి మొదటి పీరియడ్ నాదే వచ్చేలా టైమ్‌టేబుల్ మార్పించుకున్నాను. ఆ పీరియడ్‌లో వాడు నిద్రపోయేవాడు. సాయంత్రం బడయ్యాక ఆ పాఠం మళ్ళీ చెప్పేదాన్ని, మిగతా ఇద్దరూ కూడా కూర్చునేవాళ్ళు. పరీక్షల్లో మాటకారి, మాటలేనివాడు గట్టెక్కారు. పొడుగువాడు లెక్కల్లో పోయి, సప్లిమెంటరీలో పాసయ్యాడు. ఇప్పుడు కాసిమేడులోనే వాడికి సొంతంగా చిన్న ఐసు వ్యాపారం ఉంది. మాటలేనివాడు శిల్పి కాలేదు, షోలింగనల్లూరు వైపు అపార్ట్‌మెంట్లకు టైల్స్ వేస్తాడు. మా వంటింట్లో కూడా వాడే వేశాడు, డబ్బులు తీసుకోమంటే పోట్లాడాడు.

మాటకారి చెత్త లారీ డ్రైవరు, కాంట్రాక్టు మీద. పర్మనెంటు చేయమని ధర్నాలు చేస్తుంటాడు, మాట్లాడేదీ వాడే. మొన్నామధ్య ఫోన్ చేశాడు. వాళ్ళమ్మాయికి తెలుగు చదవడం రాదు. మేం మహాబలిపురం వెళ్ళొచ్చిన ఏడాదే తమిళనాడులో తమిళం తప్పనిసరి చేసే చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలై 2015-16కల్లా పదో తరగతికి చేరింది. కోర్టు మినహాయింపులు ఇచ్చినా, ఈలోగా తల్లిదండ్రులు పిల్లల్ని తెలుగు మీడియంలోంచి తీసేశారు. వాళ్ళను నేను తప్పు పట్టను. తమిళం పిల్లలకు కావాలి, బతికేది ఇక్కడే. కానీ ఇంటి భాష రాయడం, చదవడం కూడా వచ్చుంటే బాగుండేదని మనసు పీకుతుంది.

"ఆ గంగ పద్యం కావాల టీచర్, పాపకు పోటీ ఉంది" అన్నాడు. తమిళ అక్షరాల్లో రాసి పంపమన్నాడు. కూర్చుని రాశాను. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. ఒత్తులు లేవు. పిల్ల ఎలా పలుకుతుందోనని బెంగగా ఉండి మర్నాడు నేనే ఫోన్ చేశాను. వెనక నుంచి పద్యం వినిపిస్తోంది. రెండో పాదంలో పిల్ల తడబడింది. "ఆగు ఆగు, మళ్ళీ మొదట్నించి చెప్పు" అంటున్నాడు వాడు. చెప్పించి, ఫోన్ తీసుకుని, "తాత్పర్యం మాత్రం నాదే చెప్పమన్నా టీచర్" అన్నాడు.